బడి గోడ మీద పిల్లల బొమ్మలు

(సమాఖ్య వార్షిక మహాసభల కొత్వాల్‌గూడ సంఘం తరఫున చెప్పిన మాటలు)



పొదుపు ఎంత, అప్పు ఎంత, కిస్తు తప్పినోళ్ళు ఎవరు అన్న లెక్కలు ఇంతకుముందే చదివిండ్రు. మమ్మల్ని చెప్పమన్నది వేరే ముచ్చట. కొత్వాల్‌గూడల చిన్న బడి గోడకు పిల్లలతోని బొమ్మలు ఎట్ల ఏయించినమో చెప్పుమన్నరు. ఇంకొన్ని ఊర్ల సంఘాలు మేం గూడ చేస్తమని అడుగుతున్నయట. అందుకని గొప్పలు పక్కకు పెట్టి, చేసేటోళ్ళకు పనికొచ్చేది చెప్తం.

2024ల సర్కారు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టినప్పుడు మన మహిళా సంఘాలకే ఆ బాధ్యత అప్పజెప్పింది. కమిటీకి సంఘం సమాఖ్య అధ్యక్షురాలు పెద్ద, హెడ్మాస్టరు కన్వీనరు. అంతకుముందు బడికి మనం పోతే మధ్యాహ్న భోజనం వండుటానికి, లేకపోతే మన పిల్లగాని మీద ఫిర్యాదు వింటానికి. ఇప్పుడు బడి పనులు చూసుడు గూడ మన చేతికొచ్చింది. యూనిఫాంలు గూడ సంఘాలే కుట్టినయి. ఈ సంగతి మీ అందరికీ తెలిసిందే.

ఒకటి మొదలే చెప్తం. గోడల మీద బొమ్మలు ముందు కాదు. నల్లాల నీళ్ళు రావాలె, ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు, గడియ ఉండాలె, క్లాసుల ఫ్యాను తిరగాలె. అవి కాకుండ గోడకు రంగేస్తే చూసేటోళ్ళు ఫొటో తీసుకోని పోతరు, పిల్ల మాత్రం మూత్రం ఆపుకోని కూసుంటది. మా బడిల ఆ మూడు పనులు అయినంకనే గోడ మాట ఎత్తినం. మీ ఊర్ల అవి కాకపోతే బొమ్మల పని ఒక ఏడాది ఆపుండ్రి.

ఇంక గోడ సంగతి. బడి లోపలి దిక్కు కాంపౌండు గోడ 40 అడుగుల పొడుగు, 6 అడుగుల ఎత్తు. బూజు పట్టి, పెచ్చులు లేసి ఉండె. సంఘం మీటింగుల మాట వచ్చినప్పుడు సగం మంది పెయింటరును పిలుద్దామన్నరు. రెండు రోజులల్ల ఛోటా భీమ్, మిక్కీ మౌస్, ఏ ఫర్ యాపిల్ ఏసి పోతడు, చూస్తే ప్రైవేటు స్కూలు లెక్క కనిపిస్తది అన్నరు. ఛోటా భీమ్ మన హైదరాబాదు కంపెనీ చేసిన బొమ్మనే, వాని మీద మాకు కోపం లేదు. కానీ వాడు టీవీల ఉండనే ఉన్నడు, బిస్కెట్ పుడ మీద ఉన్నడు, బ్యాగు మీద ఉన్నడు. మా పిల్లల సంగతి ఏ గోడ మీద ఉన్నది? ఇంకో సగం మంది అడిగింది అదే. ఆ దినం మీటింగు పొద్దుగూకేదాక నడిచింది. ఆఖరికి పిల్లలే ఏస్తరు, మనం పక్కన నిలబడుతం అని తీర్మానం రాసుకున్నం. పొదుపు పైసలు, తిరిగే నిధి పైసలు ముట్టద్దని గూడ ఆ తీర్మానంలనే రాసినం. రంగులకు ఇష్టమున్నోళ్ళు తలా ఇంత ఏసుకున్నరు, ఊర్ల కొందరు డబ్బాలే కొనిచ్చిండ్రు. ఆ లెక్క పుస్తకంల ఉన్నది, ఎవరైనా చూసుకోవచ్చు.

గోడల మీద బొమ్మలేసుడు మనకు కొత్తదా? మన అమ్మలు పండుగొస్తే పేడతోని అలుకు చల్లి, గోడకు జాజు పూసి, దాని మీద సున్నంతోని బొట్లు, గీతలు పెట్టేటోళ్ళు. గడపకు పసుపు, కుంకుమ. ఎవరూ దాన్ని కళ అనలే, ఇంటి పని అన్నరు. బిహారుల మిథిల ఆడోళ్ళు గూడ అట్లనే ఇంట్ల గోడల మీద ఏసుకునేటోళ్ళు. 1934ల భూకంపం వచ్చి ఇండ్లు కూలితే, చూడబోయిన ఒక ఇంగ్లీషు ఆఫీసరు కూలిన గోడల లోపట ఆ బొమ్మలు చూసి అబ్బురపడ్డడు. 1960లల్ల కరువొచ్చినప్పుడు వాళ్ళ చేతికి కాగితాలిచ్చి ఏయమన్నరు. ఆ కాగితాలు అమ్ముడుపోయినయి, ఇండ్లల్ల పొయ్యిలు ఎలిగినయి. జగదంబా దేవికి 1975ల, సీతాదేవికి 1981ల పద్మశ్రీ వచ్చింది. గోడకు బొమ్మేసిన చేతులే అవి.

మన తెలంగాణల చేర్యాల నకాషి బొమ్మలున్నయి, సిద్దిపేట జిల్లా. చింతగింజల అంబలి, సుద్దమట్టి బట్టకు పట్టించి, ఎర్రటి నేల మీద కథంతా వరుసగ బొమ్మలేస్తరు. కథ చెప్పేటోళ్ళు ఆ పటం విప్పుకుంట ఊరూరా చెప్పేది. చదువు రానోళ్ళకు అదే పుస్తకం. హైదరాబాదుల రాజ్‌భవన్ దగ్గర ఎం.ఎస్. మక్తాల గూడ ఇండ్ల గోడల మీద కళాకారులు పెద్దపెద్ద బొమ్మలేసిండ్రు. ఆ దిక్కు పనికి పోయేటోళ్ళు చూసే ఉంటరు. మేం చేసింది అంత పెద్దది కాదు. కానీ అక్కడ ఏసింది పెద్ద చేతులు, ఇక్కడ ఏసింది ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాక పిల్లలు. అది వేరే పని, వేరే కష్టం.

మొదలు పిల్లలకు కాగితాలిచ్చి, "మన ఊర్ల ఏమేమున్నయో ఏయుండ్రి" అన్నం. మేం అనుకున్నది చెరువు, చెట్టు, గుడి, ఆవు. వాళ్ళు ఏసింది విమానం! ఒక్కరు గాదు, దాదాపు అందరు. 2008ల ఎయిర్‌పోర్టు తెరిచినంక పుట్టిన పిల్లలు కద. వాళ్ళ విమానాలకు చక్రాలు కిందికి దిగి ఉంటయి. పుస్తకంల బొమ్మ పక్కనుంచి ఉంటది, మా పిల్లలది కడుపు దిక్కు నుంచి ఉంటది, వాళ్ళు చూసేది అట్లనే గనుక. ఎక్కిన పిల్ల ఒక్కతి లేదు. "లోపట ఏముంటదే?" అంటే ఒకడు "మా బాపు క్లీన్ చేస్తడు, సీట్లుంటయి" అన్నడు.

తర్వాత హిమాయత్‌సాగర్. 1908ల మూసీ వరదకు పట్నం మునిగినంక కట్టిన రెండు చెరువులల్ల ఇది ఒకటి, 1927ల పూర్తయింది. దీనికి 17 గేట్లు. ఐదో తరగతి పిల్లలు 17కు 17 ఏయాలె, ఒక్కటి తగ్గొద్దని పట్టుబట్టిండ్రు. 2020 అక్టోబరు వానలకు గేట్లెత్తిన దినాలు మా ఇండ్లల్ల ఇంకా చెప్పుకుంటరు, ఆ ముచ్చట్లు వినివిని వాళ్ళకు ఆ గేట్ల మీద మోజు. రింగు రోడ్డు ఏసిండ్రు, దాని మీద లారీలు. ఫంక్షన్ హాలు లైట్లు ఏసిండ్రు. జొన్న చేను ఏసినోళ్ళు ఇద్దరే, అది గూడ తాత చెప్తే. మాకు కొంచెం మనసు చివుక్కుమన్నది. కానీ వాళ్ళ ఊరు అదే, మన చిన్ననాటి ఊరు వాళ్ళ గోడ మీద ఎట్ల ఏయిస్తం?

ఇక్కడనే ఒక పెద్ద పంచాయతీ అయింది. దాచిపెట్టకుండ చెప్తం. పక్కన కట్టేటి బిల్డింగు కాడ రేకుల షెడ్లల్ల ఒడిశా, బిహారు దిక్కు కూలోళ్ళు ఉంటరు. వాళ్ళ పిల్లలు కొందరు బడికొస్తరు. ఒక పిల్లకు తెలుగు ఇంకా సరిగ్గ రాదు. ఆమె కాగితం నిండ క్రేను ఏసింది. దాని కింద తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక ఆడమనిషిని ఏసి, "మా" అన్నది. అంటే అమ్మ. క్రేను గోడ మీద ఏయాలంటే ఐదడుగుల ఎత్తు కావాలె, అన్నిటికన్నా పెద్ద బొమ్మ అదే అయితది. ఒక తల్లి వచ్చి, "రెండు నెలలకు మూటగట్టుకోని పోయేటోళ్ళ బొమ్మ మన గోడ మీద నడిమిట్ల ఎందుకు? మన పిల్లలది పెట్టుండ్రి" అన్నది. ఆ మాటకు తలూపినోళ్ళు ఉన్నరు, సంఘం లోపట గూడ ఉన్నరు.

అప్పుడు మాల ఒక పెద్దక్క లేసింది. పాలమూరు నుంచి పెండ్లయిన కొత్తల కూలికొచ్చి ఇక్కడనే ఉండిపోయిన మనిషి. "మేం వచ్చినప్పుడు గూడ గట్లనే అన్నరు. వీళ్ళు పోయేటోళ్ళు, రేషన్ కార్డెందుకు, సంఘంల పేరెందుకు అని. ఇప్పుడు మీ కిస్తు పుస్తకం రాసేది నా బిడ్డనే" అన్నది. ఎవరూ మల్ల మాట్లాడలే. ఓటు పెట్టలే, తీర్మానం రాయలే. క్రేను ఉన్నది. ఆ పిల్ల, వాళ్ళమ్మ ఏప్రిల్‌ల సైటు మారి ఎల్లిపోయిండ్రు. ఎక్కడికో మాకు తెలియదు.

ఇంక పని ఎట్ల చేసినమో వినుండ్రి, చేసేటోళ్ళు రాసుకోండ్రి.

గోడ తయారు చేసుడే సగం పని. సంక్రాంతి దాటినంక, ఎండలు ముదరకముందు మొదలుపెట్టాలె, వానకాలంల ముట్టద్దు. కొత్తగ సిమెంటు ప్లాస్టరు చేస్తే నెల దినాలన్నా ఆగాలె, పచ్చి గోడ మీద రంగు నిలవదు. పాత సున్నం పెచ్చులు పూర్తిగ గీకాలె, కడగాలె, ఆరాలె, పగుళ్ళకు పుట్టీ పెట్టాలె, బయటి గోడకు పనికొచ్చే ప్రైమరు ఒక చుట్టు కొట్టాలె. ఆ మీద బయటి గోడలకు వాడే ఎమల్షన్, నీళ్ళల్ల కలిసేది. రెండు చుట్లకు లీటరుకు 50, 60 చదరపు అడుగులు వస్తది. మా గోడ 240 చదరపు అడుగులు, నేల రంగుకు ఐదు లీటర్ల డబ్బా సరిపోయింది. తక్కిన రంగులు అన్ని డబ్బాలు కొనే పని లేదు. తెల్ల ఎమల్షన్ తీసుకోని స్టెయినర్ సీసాలతోని కలుపుకుంటే అగ్గువకు వస్తది. ముదురు రంగులు కావాలంటే మాత్రం చిన్న డబ్బాలు కొనుండ్రి, స్టెయినర్ ఎక్కువ పోస్తే ఎండకు ఎలిసిపోతది.

గోడ కింద ఒక అడుగు మేర బొమ్మలేయకుండ జాజు రంగు పట్టీ ఇడిచినం. వాన పడితే మట్టి చిట్లి ఆడికే పడతది, బొమ్మ ఖరాబు కాదు. మన పాత ఇండ్లకు కింద జాజు పట్టీ ఎందుకుండేదో అప్పుడు సమజయింది.

ఇప్పుడు చెప్పేది మాత్రం అందరు మంచిగ వినాలె. పాత ఆయిల్ పెయింట్ ఉన్న గోడలు, కిటికీలు పిల్లల ముందట గీకద్దు. పాత పెయింట్లల్ల సీసం ఉంటది. ఆ దుమ్ము చేతులకంటి నోట్లకు పోతే పిల్లల మెదడుకు దెబ్బ, చదువు తలకెక్కదు. చిన్న పిల్లలకు ఇంకా ప్రమాదం. సీసం ఇంత వరకైతే పరవాలేదు అన్న మాటే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మన దేశంల 2016ల నియమం చేసిండ్రు, 2017 నవంబరు 1 నుంచి ఇండ్లకేసే పెయింట్లల్ల సీసం 90 పీపీఎం దాటద్దు. డబ్బా మీద ఆ సంగతి రాసి ఉంటది, చదివి తీసుకోండ్రి. రాసి లేని డబ్బా, ఎవరు చేసిండ్రో తెలియని డబ్బా, ఎంత అగ్గువకిచ్చినా వద్దు. మేం ఆయిల్ పెయింట్ పట్టీ ఉన్న జాగను ఆదివారం, పిల్లలు లేనప్పుడు, గోడ తడిపి గీకినం. ముక్కుకు, మూతికి బట్ట కట్టుకున్నం. రాలిందంత సంచిలకు ఎత్తి పారేసినం, నేల కడిగినం. సోమవారం పిల్లలొచ్చేసరికి ఒక్క పొక్కు కనిపించలే.

కాగితం మీది చిన్న బొమ్మ గోడ మీదికి పెద్దగ ఎట్ల పోతది? ఇది మగ పెయింటర్లకు పెద్ద విద్య అనుకున్నం. మనకు ముగ్గులోనే ఉన్నది. కాగితం మీద అంగుళానికో గీత, గోడ మీద అడుగుకో గీత. కాగితం గడిల ఏముందో గోడ గడిల అదే. మేస్త్రీలు వాడేటట్టు దారానికి జాజు పొడి పట్టించి, ఇటొకరు అటొకరు గుంజి పట్టుకోని, నడుమ టక్కుమని ఇడిస్తే గీత పడతది. మా సంఘంల ఒక అవ్వ వేలిముద్ర మనిషి. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు కండ్లు మూసుకోని ఏస్తది. ఆమె ఐదో తరగతి పిల్లలను ముందటేసుకోని, "మూడో వరుస, ఏడో గడి, ఆడ విమానం ముక్కు" అని చెప్పుకుంట పోతుంటే పిల్లలు "అవ్వా, నీకు లెక్కలు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగిండ్రు. టీచరమ్మ ఆ రోజు లెక్కల పీరియడు గోడ కాడనే చెప్పింది.

ఏ బొమ్మ ఎక్కడ అన్న కొట్లాట తీర్చుటానికి బొమ్మలన్ని కత్తిరించి, వరండాల పెద్ద కాగితం పరిచి దాని మీద పెట్టినం. పిల్లలే ఇటు జరిపిండ్రు, అటు జరిపిండ్రు. రెండు శనివారాలు పట్టింది. ఓపిక పట్టుండ్రి, ఇది తొందర చేస్తే అంత ఖరాబయితది. గట్టి నోరున్న నలుగురు పిల్లలే గోడంత పట్టుకుంటరు, నోరు లేనోళ్ళు కుంచెలు కడుగుతరు. మన సంఘం మీటింగులల్ల గూడ అదే అయితది కద! అందుకని వంతు పెట్టినం. చిట్టీ తీసినోళ్ళు ముందు జరపాలె, ఇంకొకరు జరిపింది తీయాలంటే వాళ్ళనడిగే తీయాలె.

ఏసేటప్పుడు ఐదుగురు, ఐదుగురు. ఒకటో తరగతోళ్ళకు ఇరవై నిమిషాల కంటే ఎక్కువ వద్దు, ఆ తర్వాత కుంచె గోడ మీద ఉండదు, పక్కోని అంగీ మీద ఉంటది. వాళ్ళు అందుకునేంత ఎత్తే వాళ్ళది, దాని పైన పెద్ద పిల్లలది, ఇంకా పైన మనది. నిచ్చెన పిల్లలకు ఇయ్యద్దు. రంగు కొబ్బరి చిప్పలల్ల కొంచెం కొంచెం పోయాలె. పాత చొక్కాలు ఎనక దిక్కు గుండీలు పెట్టి తొడిగితే యూనిఫాం ఆగం కాదు.

అన్నిటికన్న కష్టమైంది ఏందంటే, మన చెయ్యి ఆపుకునుడు. ఒకడు ఆవును ఏసిండు, దానికి ఐదు కాళ్ళు. ఒక అక్క కుంచె పట్టుకోని తుడవబోయింది. పిల్లగాడు అడ్డం నిలబడి, "అది దూడ కాలు. దూడ ఎనక ఉన్నది, కనిపిస్తలేదు" అన్నడు. అక్క కుంచె కింద పెట్టింది. ఆ ఐదో కాలు ఇప్పుడు గూడ ఉన్నది, చూడవచ్చినోళ్ళందరికి వాడే చెప్తడు. పిల్లలు గీసిన గీత మీద పెద్దోళ్ళ గీత పడద్దు. సక్కగ రావాలంటే పెయింటరునే పిలుచుకుంటిమి కద.

చివరి దిక్కు ఒక చెట్టు, దాని ఆకులు పిల్లల చేతి గుర్తులు. బొమ్మ రానోళ్ళు, ఏయనన్నోళ్ళు, జరమొచ్చి రెండు వారాలు రానోళ్ళు, అందరివీ ఉన్నయి. వంటక్కలవి గూడ పెట్టిచ్చిండ్రు పిల్లలు, మమ్మల్ని అడగకనే.

గోడతోని పని ఆగలే. ఢిల్లీల విన్యాస్ అనే సంస్థ యునిసెఫ్ సాయంతోని "బాల" అని ఒక పద్ధతి తెచ్చింది, బడి కట్టడమే పాఠం చెప్పాలె అని. తలుపు తెరిచిన కాడ నేల మీద కోణాలు గీస్తే, తలుపు తిప్పుకుంట పిల్లలు 30, 60, 90 నేర్చుకుంటరు. మేం ఒక తలుపు కాడ అది చేసినం, స్తంభం మీద ఎత్తు కొలిచే గీతలు పెట్టినం. ఆ స్తంభం కాడ తెల్లారంగనే గుంపు. ఎవరు పెరిగిండ్రు, ఎవరు పెరగలే అని.

మీరు అడుగుతరు, బొమ్మలేస్తే బడిల పిల్లలు పెరిగిండ్రా అని. బొమ్మలకు పెరగరు. ప్రైవేటు స్కూలు వ్యాను ఇంటి ముందటికి వస్తది, మన బడికి టీచర్లు సరిపోను కావాలె, ఇంగ్లీషు నడవాలె. గోడ చూసి చేర్పిస్తరని ఎవరన్న చెప్తే నమ్మద్దు. మాకు కనిపించిన ఫరకు వేరే ఉన్నది. తల్లులు ఇప్పుడు గేటు కాడ ఆగకుండ లోపటికి వస్తున్నరు. బొమ్మ చూడొచ్చి, అన్నం ఎట్లున్నదో చూస్తున్నరు, సార్‌ను నాలుగు మాటలడుగుతున్నరు.

ఇంకోటి. బొమ్మ ఆరి నెల గూడ కాలే, ఒక నాయకుని పుట్టినరోజు పోస్టర్లు రాత్రికి రాత్రి గోడ మీద అతికించి పోయిండ్రు. పొద్దుగాల పిల్లలొచ్చి చూసి ఏడుపు. హిమాయత్‌సాగర్ మీద సగం మొఖం. సంఘం అంత కలిసి పోయినం, గొడవ పెట్టుకోలే. పిల్లలను ఎంట తీసుకపోయి, "మీరే సాయిబుగ తీపియ్యుండ్రి" అన్నం. మధ్యాహ్నం వరకు నీళ్ళు తెచ్చి నానబెట్టి తీసిండ్రు. రెండు గేట్ల రంగు పోయింది, పిల్లలు మల్ల ఏసుకున్నరు.

మాకు సమాఖ్య నుంచి కావల్సింది రెండు. ఏటేటా దసరా సెలవులల్ల గోడ కడిగి, పోయిన కాడ దిద్దాలె, దానికి బడికి ఇద్దరు మనుషులను సంఘాల నుంచి వంతులేసి పంపాలె. ఇంకోటి, పై తరగతికి పోయేటోళ్ళ జాగల కొత్తోళ్ళు ఏయాలె గనుక ఏడాదికి నాలుగు గడిలు తెల్లగ చేసి కొత్త పిల్లలకు ఇయ్యాలె. ఏ గడిలు అన్నది పిల్లలే చెప్తరు. క్రేను ఉన్న గడిలు తెల్లగ చేయద్దని వాళ్ళు ఇప్పటికే చెప్పిండ్రు.

చేస్తమన్న సంఘాలు డిసెంబరు లోపల పేరు రాయించుకోండ్రి. అవ్వ గూడ వస్తనన్నది, ఆటో కిరాయి మాత్రం మీరే ఇయ్యాలె. కుంచెలు, జాజు దారం, పాత చొక్కాలు మూటగట్టి సమాఖ్య ఆఫీసుల పెట్టినం. తీసుకపోయినోళ్ళు కుంచెలు కడిగి తెచ్చియ్యాలె, ఎండిపోయిన కుంచె తెస్తే కొత్తది కొనియ్యాలె.